యూనిట్ టెస్టింగులో ఎక్సెప్షన్ల పరీక్ష

కంప్యూటరు ప్రోగ్రామింగులో, ఒక ప్రోగ్రాము భాగానికి చెల్లని సమాచారం అందినపుడు గాని, అది చేయలేని పనిని అడిగినపుడు గాని, ముందుగా నిర్ణయించిన ఎక్సెప్షన్‌ను అది విసురుతున్నదో లేదో సరిచూచే యూనిట్ టెస్టును ఎక్సెప్షన్ పరీక్ష అంటారు. సాధారణమైన యూనిట్ టెస్టు "సరియైన సమాచారం ఇస్తే సరియైన ఫలితం వచ్చిందా?" అని అడుగుతుంది. ఎక్సెప్షన్ పరీక్ష "కాదనవలసిన చోట కాదన్నదా?" అని అడుగుతుంది.

ఈ పరీక్షకు ఒక విశేషమున్నది. మిగిలిన పరీక్షలలో ఎక్సెప్షన్ బయటపడితే పరీక్ష విఫలమైనట్లు లెక్క. ఇక్కడ ఎక్సెప్షన్ రాకపోతేనే విఫలమైనట్లు. ఈ తలక్రిందుల స్వభావం వలన, పైకి నెగ్గినట్లు కనిపిస్తూ నిజానికి దేనినీ సరిచూడని పరీక్షలను తెలియకుండానే వ్రాసే ప్రమాదం ఎక్కువ. అందువలన ఎక్సెప్షన్ వచ్చిందని తెలుసుకొంటే చాలదు. ఏ ఎక్సెప్షన్, ఏ వాక్యం వద్ద వచ్చింది, వచ్చిన తరువాత సమాచారం ఏ స్థితిలో ఉన్నది అనే విషయాలను కూడా తెలుసుకోవాలి.

== ఎక్సెప్షన్ అనగా ==

ప్రోగ్రాము నడుస్తుండగా మామూలు క్రమంలో ముందుకు సాగలేని పరిస్థితి ఏర్పడినపుడు, ఆ క్రమాన్ని అక్కడే ఆపి, పరిస్థితిని తెలిపే ఒక ఆబ్జెక్టును తనను పిలిచిన ఫంక్షనుకు పంపే ఏర్పాటును ఎక్సెప్షన్ అంటారు. తెలుగులో దీనిని "మినహాయింపు" అనవచ్చును గాని, ప్రోగ్రామర్ల వాడుకలో ఎక్సెప్షన్ అనే మాటే స్థిరపడినది కనుక ఈ వ్యాసంలోనూ అదే వాడబడినది. ఎక్సెప్షన్‌ను పంపడాన్ని "విసరడం" అనీ, దానిని అందుకొని తగిన చర్య తీసుకోవడాన్ని "పట్టుకోవడం" అనీ అంటారు. ఎవరూ పట్టుకోకపోతే ఎక్సెప్షన్ ఒక్కొక్క ఫంక్షనునే దాటుకొంటూ పైకి పోయి, చివరకు ప్రోగ్రామును గాని, అది నడుస్తున్న త్రెడ్డును గాని నిలిపివేస్తుంది.

ఏ పరిస్థితిలో ఎక్సెప్షన్ వస్తుందనేది భాషను బట్టి మారుతుంది. జావాలో 10 అనే పూర్ణాంకాన్ని 0 చేత భాగిస్తే అరిథ్‌మెటిక్ ఎక్సెప్షన్ వస్తుంది. అదే భాషలో 10.0 ను 0 చేత భాగిస్తే ఏ ఎక్సెప్షనూ రాదు. ఫలితంగా "అనంతం" అనే విలువ వస్తుంది. పైథాన్‌లో రెండు సందర్భాలలోనూ ఎక్సెప్షన్ వస్తుంది. "ఇక్కడ తప్పక ఎక్సెప్షన్ వస్తుందిలే" అని ఊహించక పరీక్షించి చూడాలనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలును.

== ఆవశ్యకత ==

ఒక ఫంక్షను ఏ విలువలను స్వీకరిస్తుంది, ఏ ఫలితం ఇస్తుంది అనేవి దాని ఒప్పందంలో ఒక భాగం. ఏ విలువలను నిరాకరిస్తుంది, ఎట్లా నిరాకరిస్తుంది అనేవి రెండవ భాగం. మొదటి భాగం రోజూ వాడుకలో ఉండును కనుక అందులోని లోపాలు త్వరగానే బయటపడతాయి. రెండవ భాగం ఎప్పుడో గాని నడవదు. నడిచిన రోజున, అప్పటికే ఏదో చెడిపోయి ఉంటుంది. ఆ సమయంలో రెండవ లోపం కూడా తోడైతే నష్టం పెద్దదవుతుంది.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఏరియన్ 5 రాకెట్టు తొలి ప్రయోగం. 1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కౌరూ నుండి బయలుదేరిన ఈ రాకెట్టు, ప్రయోగ క్రమం మొదలైన సుమారు 40 సెకన్లకు, సుమారు 3,700 మీటర్ల ఎత్తున దారితప్పి ప్రేలిపోయింది. అందులోని నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు నాశనమైనాయి. రాకెట్టు దిశను, కదలికను కొలిచే జడత్వ మార్గదర్శక వ్యవస్థలోని సాఫ్టువేరు అంతకు ముందటి ఏరియన్ 4 నుండి తీసుకొన్నది. అడా భాషలో వ్రాసిన ఆ సాఫ్టువేరు, 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోయింది. 16 బిట్ల పూర్ణాంకంలో పట్టగల గరిష్ఠ విలువ 32,767. ఏరియన్ 5 యొక్క అడ్డువేగం ఏరియన్ 4 కంటె చాలా ఎక్కువ గనుక, దానికి సంబంధించిన విలువ ఆ హద్దును దాటినది, ఎక్సెప్షన్ పుట్టినది.

ఇటువంటి మార్పిడికి లోనయ్యే ఏడు విలువలలో నాలుగింటికి మాత్రమే రక్షణ కల్పించి, మూడింటిని కంప్యూటరుపై భారం తగ్గించుటకై వదలివేశారని విచారణ సంఘం తెలిపినది. రక్షణ లేని చోట ఎక్సెప్షన్ వస్తే ఆ యూనిట్ పనిచేయడం మానివేయాలని నిర్దేశించి ఉండుటచే ప్రధాన యూనిట్, దానికి తోడుగా ఉంచిన రెండవ యూనిట్ రెండూ ఒకే కారణంతో ఆగిపోయాయి. ఆగిపోతూ అవి పంపిన దోష వివరాలను రాకెట్టులోని ప్రధాన కంప్యూటరు నిజమైన ప్రయాణ సమాచారంగా భావించి రాకెట్టును త్రిప్పివేసినది. ఏరియన్ 5 ప్రయాణ మార్గపు విలువలతో ఆ వ్యవస్థను ముందుగా పరీక్షించలేదని కూడ సంఘం గుర్తించింది. ఎక్సెప్షన్ రాగలదా, వస్తే ఏమి జరుగును అనే రెండు ప్రశ్నలకు పరీక్షల ద్వారా సమాధానం రాబట్టకపోతే ఎంత నష్టం వాటిల్లగలదో ఈ సంఘటన చాటుతున్నది.

టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనం ఇదే విషయాన్ని మరొక వైపునుండి చూపినది. కాసాండ్రా, హెచ్‌బేస్, హెచ్‌డీఎఫ్‌ఎస్, మ్యాప్‌రెడ్యూస్, రెడిస్ అనే ఐదు వ్యవస్థలలో జరిగిన 198 వైఫల్యాలను వారు పరిశీలించారు. వ్యవస్థ మొత్తాన్ని దెబ్బతీసిన వైఫల్యాలలో 92 శాతం, సాఫ్టువేరు స్పష్టంగా తెలియజేసిన చిన్న దోషాలను సరిగా సంబాళించుకోలేకపోవడం వలననే జరిగాయని తేలింది. పరిశీలించిన వైఫల్యాలలో 77 శాతాన్ని ఒక యూనిట్ టెస్టుతో మరల సృష్టించవచ్చునని కూడా వారు చూపారు.

== చరిత్ర ==

ప్రోగ్రామింగు భాషలోనే అసాధారణ పరిస్థితులకు ప్రత్యేకమైన ఏర్పాటు ఉండాలనే ఆలోచన 1960లలో పీఎల్/1 భాషతో వాడుకలోకి వచ్చినది. 1975లో జాన్ గుడ్‌ఎనఫ్ ఈ విషయాన్ని శాస్త్రీయంగా చర్చిస్తూ ఒక వ్యాసం ప్రచురించాడు. 1970లలో బార్బరా లిస్కోవ్ బృందం రూపొందించిన సీఎల్‌యూ భాష, తరువాత అడా, సీ++, జావా భాషలు ఎక్సెప్షన్లను స్థిరపరచాయి.

యూనిట్ టెస్టింగుకు ఈనాటి రూపం స్మాల్‌టాక్ భాష నుండి వచ్చింది. 1994లో కెంట్ బెక్ స్మాల్‌టాక్ కొరకు రూపొందించిన చట్రం ఎస్‌యూనిట్ అనే పేరుతో ప్రసిద్ధమైనది. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా కలసి జావా కొరకు జేయూనిట్‌ను తయారుచేశారు. ఇతర భాషలలోని అనేక చట్రాలు దీనిని అనుసరించినవే.

ఎక్సెప్షన్ పరీక్ష వ్రాసే తీరు భాష ఇచ్చే సౌకర్యాలను బట్టి మారుతూ వచ్చింది. స్మాల్‌టాక్‌లో కొన్ని వాక్యాలను ఒక బ్లాకుగా కట్టి మరొక ఫంక్షనుకు అందించవచ్చును. జావాలో 2014లో వెలువడిన 8వ వెర్షను వరకు ఇంత తేలికైన మార్గం లేదు. అందుచేత జేయూనిట్ మొదట చేతితో వ్రాసే పద్ధతిని, 2006 నాటి 4వ వెర్షనులో టెస్టు పైన ప్రకటించే పద్ధతిని, 2009లో వచ్చిన 4.7లో "ఎక్స్‌పెక్టెడ్ ఎక్సెప్షన్" అనే రూలును ఉపయోగించింది. 2017లో విడుదలైన జేయూనిట్ 5లో "అసర్ట్‌త్రోస్" ప్రవేశించింది. 2020 నాటి జేయూనిట్ 4.13లో కూడ దీనిని చేర్చి, పాత రూలును వాడవద్దని సూచించారు.

== పద్ధతులు ==

క్రింది మూడు పద్ధతులను ఒకే ఉదాహరణతో పోల్చి చూడవచ్చును. బ్యాంకు ఖాతాను సూచించే ఒక క్లాసు ఉన్నదనుకొనుము. ఖాతా సంఖ్యలో 11 అంకెలు ఉండాలి. లేకపోతే ఖాతాను సృష్టించేటపుడే "చెల్లని విలువ" అనే ఎక్సెప్షన్ వస్తుంది. తీయదలచిన మొత్తం సున్న కంటె తక్కువైతే, సొమ్ము తీసే ఫంక్షను కూడ అదే "చెల్లని విలువ" ఎక్సెప్షన్‌ను విసరాలి. నిల్వ కంటె ఎక్కువ అడిగితే "నిల్వ చాలదు" అనే ఎక్సెప్షన్‌ను విసరాలి.

'''చేతితో వ్రాసే పద్ధతి.''' ఇందులో నాలుగు అంచెలున్నవి.

# ఖాతాను సృష్టించుము.
# ప్రయత్న భాగంలో, ఖాతా నుండి -50 రూపాయలు తీయుము.
# ఆ వెంటనే, అదే భాగంలో, "ఎక్సెప్షన్ రాలేదు" అని పరీక్షను విఫలం చేయుము.
# పట్టుకొనే భాగంలో "చెల్లని విలువ" ఎక్సెప్షన్‌ను మాత్రమే పట్టుకొనుము.

ఎక్సెప్షన్ వస్తే మూడవ అంచె నడవదు, పరీక్ష నెగ్గుతుంది. రాకపోతే మూడవ అంచె నడచి పరీక్ష విఫలమవుతుంది. ఈ పద్ధతికి ప్రాణం మూడవ అంచె. దానిని వ్రాయడం మరచిపోతే, ఎక్సెప్షన్ వచ్చినా రాకపోయినా పరీక్ష నెగ్గుతుంది.

'''ప్రకటన పద్ధతి.''' టెస్టు పైననే "ఈ టెస్టు ఫలానా ఎక్సెప్షన్‌తో ముగియాలి" అని ప్రకటిస్తారు. వ్రాయడానికి ఒక్క పంక్తి చాలును. కాని టెస్టులోని ఏ పంక్తి నుండి ఎక్సెప్షన్ వచ్చినా ఇది అంగీకరిస్తుంది. పై ఉదాహరణలో, టెస్టు వ్రాసినవారు ఖాతా సంఖ్యను పొరపాటున 10 అంకెలతో ఇచ్చారనుకొనుము. ఖాతాను సృష్టించే పంక్తిలోనే "చెల్లని విలువ" వచ్చి టెస్టు ముగిసిపోతుంది. సొమ్ము తీసే పంక్తి నడవనే నడవదు. అయినా టెస్టు నెగ్గినట్లు చూపుతుంది. సొమ్ము తీసే ఫంక్షనులో ఋణ విలువను నిరాకరించే వాక్యమే లేకపోయినా ఈ టెస్టు దానిని ఎన్నడూ పట్టియివ్వదు.

'''బ్లాకు పద్ధతి.''' ఎక్సెప్షన్ రావలసిన ఒక్క వాక్యాన్ని మాత్రమే బ్లాకుగా కట్టి, పరీక్షించే ఫంక్షనుకు ఇస్తారు. ఖాతాను సృష్టించే పంక్తి బ్లాకుకు వెలుపల ఉంటుంది. అక్కడ ఎక్సెప్షన్ వస్తే పరీక్ష విఫలమై, పొరపాటు వెంటనే తెలుస్తుంది. వచ్చిన ఎక్సెప్షన్‌ను ఈ ఫంక్షను తిరిగి ఇస్తుంది గనుక దానిలోని సందేశాన్ని, ఇతర వివరాలను తరువాతి పంక్తులలో పరిశీలించవచ్చును. నేడు అనేక చట్రాలు ఈ పద్ధతినే అనుసరిస్తున్నాయి.

== పరిశీలించవలసిన అంశాలు ==

'''రకము.''' ఎక్సెప్షన్లు క్లాసులుగా, ఉపక్లాసులుగా అమర్చబడి ఉంటాయి. అన్నిటికీ మూలమైన "ఎక్సెప్షన్" క్లాసును ఆశిస్తే ఏది వచ్చినా పరీక్ష నెగ్గుతుంది. ఫంక్షను పేరును తప్పుగా వ్రాసినందువలన పైథాన్‌లో వచ్చే ఎక్సెప్షన్ కూడ సరిపోతుంది. కావున వీలైనంత ప్రత్యేకమైన రకాన్ని ఆశించాలి. జావాలో నంబర్ ఫార్మాట్ ఎక్సెప్షన్ అనేది ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్‌కు ఉపక్లాసు. రెండవదానిని ఆశించిన అసర్ట్‌త్రోస్, మొదటిది వచ్చినా అంగీకరిస్తుంది. ఖచ్చితంగా అదే క్లాసు కావాలనుకొన్నవారికి "అసర్ట్‌త్రోస్ ఎగ్జాక్ట్‌లీ" ఉన్నది.

'''సందేశము.''' ఒకే రకమైన ఎక్సెప్షన్ రెండు కారణాల వలన రాగలిగితే, ఏ కారణంతో వచ్చిందో సందేశం ద్వారా గాని, ఎక్సెప్షన్‌లో ఉంచిన విలువల ద్వారా గాని తేల్చుకోవాలి. అయితే సందేశం మొత్తాన్ని అక్షరం పొల్లుపోకుండా పోల్చడం మంచిది కాదు. ఎవరైనా ఒక మాటను సవరించినా పరీక్ష విఫలమవుతుంది. తప్పు విలువ, దాని పేరు వంటి ముఖ్యాంశాలు సందేశంలో ఉన్నాయో లేదో చూస్తే చాలును.

'''తరువాతి స్థితి.''' చాలామంది విస్మరించే అంశమిది. ఖాతాలో 300 రూపాయలు ఉండగా 500 అడిగారనుకొనుము. ఫంక్షను ముందు సొమ్మును తీసివేసి, తరువాత నిల్వ సున్న కంటె తగ్గినదని గుర్తించి "నిల్వ చాలదు" అని విసిరినదనుకొనుము. రకం సరియైనదే, సందేశం సరియైనదే. కాని ఖాతాలో నిల్వ -200 అయి కూర్చున్నది. ఎక్సెప్షన్‌ను పట్టుకొన్న తరువాత నిల్వ ఇంకను 300 గానే ఉన్నదని సరిచూస్తే గాని ఈ లోపం బయటపడదు. పని విఫలమైనపుడు సమాచారం మునుపటి స్థితిలోనే ఉండుననే హామీని సీ++ భాషలో "బలమైన ఎక్సెప్షన్ హామీ" అంటారు. డేవిడ్ అబ్రహామ్స్ ఈ హామీలను వర్గీకరించాడు.

'''సరిహద్దు.''' నిరాకరించవలసిన విలువతో పాటు, దానికి ప్రక్కనే ఉన్న స్వీకరించవలసిన విలువను కూడ పరీక్షించాలి. 300 నిల్వ ఉన్న ఖాతా నుండి 301 అడిగితే ఎక్సెప్షన్ రావాలి; సరిగా 300 అడిగితే రాకూడదు. ఈ రెండవ పరీక్ష లేకపోతే, దేనిని అడిగినా నిరాకరించే ఫంక్షను కూడ మొదటి పరీక్షను నెగ్గుతుంది.

== తరచుగా జరిగే పొరపాట్లు ==

* చేతితో వ్రాసే పద్ధతిలో, పరీక్షను విఫలం చేసే వాక్యం కూడ స్వయంగా ఒక ఎక్సెప్షన్ వంటి దానినే విసురుతుంది. పైథాన్‌లో ఈ అసర్షన్ ఎర్రర్ "ఎక్సెప్షన్" క్లాసుకు చెందినదే. పట్టుకొనే భాగంలో "ఎక్సెప్షన్" అని విశాలంగా వ్రాస్తే, వైఫల్యాన్ని తెలిపే ఆ ఎక్సెప్షన్‌ను కూడ పట్టుకొని మింగివేస్తుంది. అప్పుడు పరీక్ష ఏనాటికీ విఫలం కాదు. జావాలో ఇది "ఎర్రర్" శాఖకు చెందుతుంది గనుక "త్రోయబుల్"ను పట్టుకొన్నపుడు ఇదే ప్రమాదం కలుగుతుంది.
* పైథాన్‌లో "విత్" బ్లాకు లోపల, ఎక్సెప్షన్ వచ్చే వాక్యం తరువాత వ్రాసిన పరిశీలనలు నడవవు. ఎక్సెప్షన్ రాగానే బ్లాకు ముగిసిపోతుంది. వాటిని బ్లాకు వెలుపల వ్రాయాలి.
* ఫంక్షనును అందించవలసిన చోట దానిని పిలిచి, ఫలితాన్ని అందించడం మరొక పొరపాటు. అప్పుడు పరీక్షించే ఫంక్షను ఇంకా మొదలుకాకముందే ఎక్సెప్షన్ బయటపడుతుంది. జావాస్క్రిప్టు నేర్చుకొనేవారికి ఇది తరచుగా ఎదురవుతుంది.
* పైథాన్ జనరేటర్లు, సీ షార్ప్ ఇటరేటర్లు పిలిచిన వెంటనే పనిచేయవు. మొదటి విలువను అడిగినపుడే లోపలి వాక్యాలు నడుస్తాయి. కావున పిలుపును మాత్రమే పరీక్షిస్తే ఎక్సెప్షన్ రాదు. ఒక విలువనైనా అడగాలి.
* అసింక్రనస్ ఫంక్షనుల ఎక్సెప్షన్ తరువాత ఎప్పుడో వస్తుంది. దానికై వేచియుండే "అవెయిట్" అనే మాటను మరచిపోతే, ఎక్సెప్షన్ రాకముందే పరీక్ష నెగ్గినట్లు ముగిసిపోవచ్చును.

== పరీక్షను పరీక్షించుట ==

ఎక్సెప్షన్ పరీక్ష నిజంగా పనిచేస్తున్నదని నమ్మడానికి సులభమైన ఉపాయమొకటి ఉన్నది. ఎక్సెప్షన్‌ను విసిరే వాక్యాన్ని ప్రోగ్రాము నుండి తాత్కాలికంగా తొలగించి పరీక్షను నడపాలి. పరీక్ష విఫలమైతే అది నమ్మదగినది. అప్పటికీ నెగ్గితే, లోపం పరీక్షలోనే ఉన్నది. పై ఉదాహరణలో 10 అంకెల పొరపాటు ఈ ఉపాయంతో వెంటనే తెలిసిపోతుంది. ఇదే పనిని యంత్రం చేత చేయించే విధానాన్ని మ్యుటేషన్ టెస్టింగు అంటారు. ఈ ఆలోచనను 1971లో రిచర్డ్ లిప్టన్ ప్రతిపాదించాడు.

ఎన్ని పంక్తులు నడిచాయో చెప్పే కవరేజి సంఖ్య ఇందుకు సరిపోదు. పంక్తి నడవడం వేరు, దాని ఫలితాన్ని ఎవరైనా సరిచూడడం వేరు. అన్ని ఎక్సెప్షన్లను పట్టుకొని ఏమీ పరిశీలించని టెస్టుతో కూడ 100 శాతం కవరేజి రావచ్చును.

== వివిధ భాషలలో ==

* '''జావా:''' జేయూనిట్‌లో అసర్ట్‌త్రోస్.
* '''పైథాన్:''' ప్రామాణిక యూనిట్‌టెస్ట్ మాడ్యూలులో "అసర్ట్‌రైజెస్". 2009లో వచ్చిన 3.1, 2010లో వచ్చిన 2.7 వెర్షనుల నుండి దీనిని "విత్" బ్లాకుతో వాడవచ్చును. పైటెస్ట్‌లో "రైజెస్" ఉన్నది. సందేశాన్ని ఒక నమూనాతో పోల్చే "మ్యాచ్" సౌకర్యం కూడ ఉన్నది.
* '''సీ షార్ప్:''' ఎన్‌యూనిట్, ఎక్స్‌యూనిట్ డాట్ నెట్ రెండింటిలోను "అసర్ట్ డాట్ త్రోస్". ఎన్‌యూనిట్ 2015 నాటి 3వ వెర్షనులో ప్రకటన పద్ధతిని తొలగించినది.
* '''సీ++:''' గూగుల్‌టెస్ట్‌లో "ఎక్స్‌పెక్ట్ త్రో", ఎక్సెప్షన్ రాకూడదని సరిచూచుటకు "ఎక్స్‌పెక్ట్ నో త్రో".
* '''జావాస్క్రిప్టు:''' జెస్ట్‌లో "టు త్రో".
* '''గో:''' ఈ భాషలో దోషం ఫంక్షను తిరిగి ఇచ్చే మామూలు విలువ. కనుక ప్రత్యేక పద్ధతి అవసరం లేదు. తిరిగి వచ్చిన విలువనే పరిశీలిస్తారు.
* '''రస్ట్:''' దోషాలు ఇక్కడ కూడ విలువలే. ప్రోగ్రాము ఆగిపోవలసిన సందర్భాలకు "షుడ్ పానిక్" అనే ప్రకటన ఉన్నది.

== పరిమితులు ==

డిస్కు నిండిపోవడం, నెట్‌వర్కు తెగిపోవడం వంటి పరిస్థితులను పరీక్షలో నిజంగా కల్పించడం కష్టం. అటువంటపుడు అసలు వస్తువు స్థానంలో, అడిగిన వెంటనే ఎక్సెప్షన్ విసిరే బదులు వస్తువును ఉంచుతారు. వీటిని మాక్ ఆబ్జెక్టులు అంటారు; జావాలో మోకిటో ఇందుకు ఉపయోగపడుతుంది. కాని బదులు వస్తువు విసిరే ఎక్సెప్షన్, అసలు వస్తువు విసిరే దానితో సరిపోలాలి. లేకపోతే నెగ్గిన పరీక్షకు విలువ లేదు.

భాష గాని, లైబ్రరీ గాని తమంతట తాము విసిరే ప్రతి ఎక్సెప్షన్‌కు పరీక్ష వ్రాయనవసరం లేదు. మన ఫంక్షను ఒప్పందంలో చేరిన వాటికి, ఇతరులు పట్టుకొని చర్య తీసుకోవలసిన వాటికి తప్పక వ్రాయాలి. అంతేకాక, ఎక్సెప్షన్ సరిగా వచ్చినదని తేలడం సగం పని మాత్రమే. దానిని పట్టుకొనే పై ఫంక్షను తగిన చర్య తీసుకొంటున్నదో లేదో వేరొక పరీక్షతో చూడాలి. ఏరియన్ 5లో ఎక్సెప్షన్‌ను అడా భాష తన నియమాల ప్రకారమే పుట్టించినది; అది వచ్చినపుడు యూనిట్ ఏమి చేయాలనే నిర్ణయంలోనే ప్రమాదం దాగియున్నది.